రంపపు పొట్టు గోదాలో రాజు

(గత సంచికలో స్విట్జర్లాండ్ కుస్తీ వీరుడు క్రిస్టియాన్ స్టుకీ గురించి చిన్న పరిచయం ఇచ్చాం. అది చదివి పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఎక్కువమంది అడిగినవాటికి ఇక్కడ జవాబులు.)

ప్రశ్న: స్టుకీ ఎవరు, ఏం గెలిచాడు? పరిచయంలో "మూడు కిరీటాలు" అని రాశారు. అవేమిటో వివరంగా చెప్పండి. (నెల్లూరు)

స్విస్ జర్మన్‌లో అతని పేరును "ష్టుకీ" అని పలుకుతారు. పుట్టింది 1985 జనవరి 10న. బెర్న్ రాష్ట్రంలో జేలాండ్ అనే సరస్సుల ప్రాంతం ఉంది. అక్కడి లీస్ పట్టణంలోని కుస్తీ క్లబ్ అతనిది. ఎత్తు 198 సెంటీమీటర్లు. బరువు, మంచి ఫామ్‌లో ఉన్న రోజుల్లో, దాదాపు 150 కిలోలు. అడవి పనిలో శిక్షణ పొందినవాడు. కుస్తీ అతని వృత్తి కాదు, ఆ దేశంలో అది ఎవరికీ పూర్తి వృత్తిగా ఉండేది కాదు.

అక్కడి కుస్తీ పేరు ష్వింగెన్. ముద్దుగా "హోసెన్‌లుప్ఫ్" అంటారు. నిక్కరు పట్టి ఎత్తడం అని దాని అర్థం. ఆటంతా ఆ మాటలోనే ఉంది. ఈ ఆటలో పెద్ద పండుగలు మూడు. మొదటిది సమాఖ్య ఉత్సవం. 1895లో బీల్ పట్టణంలో మొదలైంది, ఇప్పుడు మూడేళ్లకొకసారి జరుగుతుంది. అందులో గెలిచినవాడే "ష్వింగర్‌క్యోనిగ్", అంటే కుస్తీ రాజు. రెండోది ఇంటర్లాకెన్‌లో జరిగే ఉన్‌ష్పున్నెన్ పోటీ. మూడోది జ్యూరిక్ పక్కన కిల్ష్‌బెర్గ్‌లో 1927 నుంచి జరుగుతున్న ఆహ్వాన పోటీ. దీనికి దేశంలోని మేటి వస్తాదులు 60 మందిని మాత్రమే పిలుస్తారు. చివరి రెండూ ఆరేళ్లకొకసారి వస్తాయి. అంటే ఒకడి జవానీలో ఒక్కోదానికి రెండు, మహా అయితే మూడు అవకాశాలు. ఆ ఏడాది మోకాలు బాగోలేకపోతే మళ్లీ ఆరేళ్లు ఆగాలి.

స్టుకీ 2008లో, 23 ఏళ్లకే, కిల్ష్‌బెర్గ్ గెలిచాడు. 2013లో బుర్గ్‌డోర్ఫ్‌లో సమాఖ్య ఉత్సవం చివరి పట్టుదాకా, అంటే ఫైనల్ దాకా, వచ్చాడు. ఎదురుగా మథియాస్ సెంపాఖ్. ఇద్దరూ బెర్న్ ప్రాంతీయ కుస్తీ సంఘం వాళ్లే, ఒకరి పట్టు ఒకరికి తెలుసు. స్టుకీ ఓడాడు. లేచి సెంపాఖ్‌ను కౌగిలించుకుని ముద్దు పెట్టాడు. అక్కడి జనం ఈనాటికీ చెప్పుకునే దృశ్యం అది. 2017లో 32 ఏళ్ల వయసులో ఉన్‌ష్పున్నెన్ గెలిచాడు. ఇక మిగిలింది రాజు కిరీటం. 2019 ఆగస్టు 25న త్సుగ్‌లో, 56,500 మంది కూర్చున్న తాత్కాలిక స్టేడియంలో, చివరి పట్టులో యోయెల్ విక్కీని ఒక నిమిషం గడవక ముందే చిత్తు చేశాడు. అప్పటికి వయసు 34. అంత వయసులో రాజు అయినవాడు అంతకుముందు లేడు. మూడూ గెలిచినవాళ్లలో అతను రెండోవాడు. మొదటివాడు యోర్గ్ అబ్దర్‌హాల్డెన్.

అదే ఏడాది స్విట్జర్లాండ్ ఉత్తమ క్రీడాకారుడి పురస్కారం కూడా అతనికే వచ్చింది. ఫెదరర్ పలుసార్లు అందుకున్న గౌరవం అది. ఒక కుస్తీ వీరుడికి రావడం మాత్రం అదే మొదటిసారి. 2023లో గోదా నుంచి తప్పుకున్నాడు.

2008 నుంచి 2019 దాకా పదకొండేళ్లు. అంత పెద్ద మనిషికి అంత కాలం ఎందుకు పట్టింది? కింద మార్కుల గురించి చెప్పిన జవాబు చదివితే కారణం తెలుస్తుంది.

ప్రశ్న: మన గోదా కుస్తీకీ దీనికీ తేడా ఏమిటి? ఎప్పుడు గెలిచినట్టు? (కరీంనగర్)

పోలిక చాలానే ఉంది. మన కుస్తీలోలాగే వీపు నేలకు అంటిస్తే ఆట అయిపోయినట్టే, చిత్తు. తేడా అంతా పట్టులో ఉంది.

ముందు గోదా. మన దగ్గర తవ్వి గుల్ల చేసిన మట్టిలో పసుపు, నూనె, మజ్జిగ కలుపుతారు. అక్కడ రంపపు పొట్టును గుండ్రంగా, దాదాపు 12 మీటర్ల వ్యాసంతో, మందంగా పరుస్తారు. పొట్టు ఎండితే దుమ్ము లేచి కళ్లలో పడుతుంది. అందుకే మధ్యమధ్య నీళ్లు చిలకరిస్తారు. వాన పడితే మరో ఇబ్బంది: తడి పొట్టు ముద్దకట్టి కాలికింద జారుతుంది, నిక్కరు గుడ్డ నీళ్లు పీల్చి చేతిలో నిలవదు. సమాఖ్య ఉత్సవంలో ఒకే మైదానంలో ఏడు గోదాలు ఉంటాయి, ఏడింటిలోనూ ఒకేసారి పట్లు నడుస్తాయి.

తర్వాత నిక్కరు. వస్తాదు తన బట్టల మీద జనపనారలాంటి దళసరి నేత గుడ్డతో కుట్టిన పొట్టి నిక్కరు తొడుక్కుంటాడు. నడుముకు పట్టీ ఉంటుంది, తొడల దగ్గర అంచు చుట్టి ఉంటుంది. ఇదే పట్టుకునే చోటు. మన లంగోటీ చేతికి అందకుండా బిగించేది, ఈ నిక్కరు చేతికి అందడానికే కుట్టింది.

పట్టు ఎలా మొదలవుతుందంటే: ఇద్దరూ చేతులు కలుపుతారు. కొంచెం ముందుకు వంగి, ఒకరి భుజం మీద ఒకరు ఆనుకుంటారు. కుడిచేయి ఎదుటివాడి వీపు వైపు నడుము పట్టీని, ఎడమచేయి అతని కుడితొడ దగ్గర చుట్టిన అంచును పట్టుకోవాలి. ఇద్దరి పట్టూ సరిగా ఉందని రెఫరీ చూసుకున్నాకే మొదలుపెట్టమంటాడు. అంతదాకా గుంజకూడదు.

గెలవాలంటే రెండూ ఒకేసారి జరగాలి. ఎదుటివాడి రెండు భుజఫలకాలూ, అంటే వీపు పైభాగం, పొట్టు వలయం లోపల నేలకు ఆనాలి. ఆ క్షణంలో గెలిచేవాడి కనీసం ఒక చేయి నిక్కరు మీద ఉండాలి. కొత్తగా చూసేవాళ్లు తికమకపడేది ఇక్కడే. ఎంత అందంగా గాల్లో తిప్పి పడేసినా, పడే క్షణానికి రెండు చేతులూ జారిపోయి ఉంటే అది లెక్కలోకి రాదు, మళ్లీ మధ్యలో నిలబడి మొదలుపెట్టాలి. ఒక భుజమే ఆనినా, పక్కకు ఒత్తిగిలి పడినా, పొట్ట మీద పడినా చిత్తు కాదు. పొట్ట మీద పడినవాణ్ణి అక్కడే బోర్లా నుంచి వెల్లకిలా తిప్పడానికి ప్రయత్నిస్తారు. కిందివాడు మెడ మీద వంతెనలా లేచి వీపు ఆననివ్వడు. అందుకే ఈ ఆటగాళ్లకు మెడ కసరత్తు తప్పనిసరి. ఆ పోరాటం ముందుకు సాగకపోయినా, పొట్టు దాటి బయటికి పోయినా రెఫరీ ఆపి లేపుతాడు.

ముగ్గురు న్యాయనిర్ణేతలుంటారు. ఒకరు గోదాలో, ఇద్దరు అంచున బల్ల దగ్గర.

పట్టు అయ్యాక గెలిచినవాడు ఓడినవాడి వీపు మీద అంటిన పొట్టును చేత్తో దులుపుతాడు. ఇది మర్యాద మాత్రమే అనుకోకండి, చిన్నపిల్లల పోటీల్లో కూడా ముందు నేర్పేది ఇదే.

ప్రశ్న: 2025లో చివరి పట్టు ఆడనివాడు రాజు అయ్యాడట! ఫైనల్ ఆడకుండా చాంపియన్ ఎలా అవుతాడు? మార్కుల పద్ధతి అర్థమయ్యేలా చెప్పండి. (రాజమహేంద్రవరం)

నిజమే. ఆ సమాఖ్య ఉత్సవం 2025 ఆగస్టు చివర్లో గ్లారస్ రాష్ట్రంలోని మొల్లిస్‌లో జరిగింది. చివరి పట్టు సామ్యుయెల్ గీగర్‌కూ వెర్నర్ ష్లేగెల్‌కూ. దానికి ఇచ్చే 16 నిమిషాలూ గడిచినా ఎవరూ చిత్తు కాలేదు. కిరీటం అర్మోన్ ఓర్లిక్‌కు వెళ్లింది. ఇదే ఓర్లిక్ 2016లో ఎస్తవాయెలో చివరి పట్టుదాకా వచ్చి మథియాస్ గ్లార్నర్ చేతిలో ఓడాడు. తొమ్మిదేళ్ల తర్వాత రాజు అయ్యాడు, అదీ ఫైనల్ గోదాలో కాలు పెట్టకుండా.

ఇది నాకౌట్ కాదు. ఓడినవాడు ఇంటికి పోడు. మామూలు పోటీలో ఒక్కరోజులో ఆరు పట్లు, సమాఖ్య ఉత్సవంలో రెండు రోజుల్లో ఎనిమిది. ప్రతి పట్టుకూ ఇద్దరికీ మార్కులు పడతాయి:

నిలబడిన చోటునుంచి ఎత్తి నేరుగా వీపు మీద పడేస్తే 10.00. గెలిచినా అంత శుభ్రంగా కాకపోతే, ఉదాహరణకు కింద పెనుగులాడి తిప్పి చిత్తు చేస్తే, 9.75. సమయం అయిపోయి ఎవరూ గెలవకపోతే దాన్ని "గెష్టెల్ట్" అంటారు, అంటే నిలిచిపోయిన పట్టు. అందులో చురుగ్గా దాడి చేసినవాడికి 9.00, కాచుకుని కూర్చున్నవాడికి 8.75. ఓడినవాడికి 8.50. ధైర్యంగా దాడి చేస్తూ ఓడితే 8.75.

ఈ అంకెల్ని రెండుసార్లు చదవండి. దాడి చేసి ఓడినవాడికీ, భయపడి డ్రా చేసుకున్నవాడికీ ఒకే మార్కు. గెలుపుకూ డ్రాకూ మధ్య ముప్పావు నుంచి ఒకటింపావు దాకా తేడా, డ్రాకూ ఓటమికీ మధ్య మాత్రం మహా అయితే అర మార్కు. అంటే డ్రా చేసుకోవడం ఓటమికి ఒక మెట్టు పైన మాత్రమే. ఈ పద్ధతి ఎప్పుడో ఎవరో కూర్చుని చాలా తెలివిగా ఆలోచించి పెట్టినట్టుంటుంది: దాడి చెయ్యి, కాచుకోకు.

ఇప్పుడు ఒక ఊహించిన లెక్క. ఏడు పట్ల తర్వాత ఒకటో వాడికీ రెండో వాడికీ చెరి 67.25, మూడో వాడికి 66.50. మొదటి ఇద్దరూ చివరి పట్టుకు వెళ్తారు. మూడోవాడు మరో గోదాలో ఇంకొకరితో తన ఎనిమిదో పట్టు ముందే ఆడేసి 10.00 తెచ్చుకుంటాడు, మొత్తం 76.50. చివరి పట్టులో ఎవరు 9.75తో గెలిచినా 77.00 అవుతుంది, మూడోవాడికి దారి మూసుకుపోతుంది. అదే డ్రా అయితే, చురుగ్గా ఆడినవాడికి 9.00 వచ్చినా 76.25 మాత్రమే. కిరీటం మూడోవాడిది. మొల్లిస్‌లో జరిగింది ఇలాంటిదే.

స్టుకీకి ఎందుకంత కాలం పట్టిందన్న దానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. 150 కిలోల మనిషిని చిత్తు చేయలేమని తెలిసినవాళ్లు డ్రా కోసమే దిగుతారు. దాడికి వెళ్లకుండా దూరంగా నిలబడతారు, పడితే పొట్ట మీద పడతారు, కింద పొట్టుకు కరుచుకుపోతారు. వాళ్లకు 8.75 వచ్చినా సంతోషమే. రాజు కావాలనుకునేవాడికి మాత్రం 9.00 కూడా నష్టమే. అలాంటివి రెండు పడితే చివరి పట్టు చేజారిపోవచ్చు. పెద్ద శరీరం ఉన్నవాడికి అసలు శత్రువు ఓటమి కాదు, డ్రా. దాన్ని దాటాలంటే సమయం మిగిలి ఉండగానే ముగించడం నేర్చుకోవాలి. త్సుగ్‌లో అతను చేసింది అదే: 16 నిమిషాల పట్టును నిమిషంలోపే తేల్చేశాడు.

ఎనిమిదికి ఎనిమిదీ గెలిచి ఏ లెక్కలూ అవసరం లేకుండా రాజు అయినవాళ్లూ ఉన్నారు. 2010లో ఫ్రావెన్‌ఫెల్డ్‌లో ఇరవయ్యేళ్ల కిలియాన్ వెంగర్ అలాగే గెలిచాడు.

ప్రశ్న: ఎవరు ఎవరితో ఆడాలో చీటీలు తీస్తారా? (మహబూబ్‌నగర్)

తీయరు. జతలు కట్టే సంఘం ఒకటుంటుంది. ప్రతి రౌండ్ తర్వాత వాళ్లు కూర్చుని మార్కులు చూసి, ఇదివరకు ఎవరితో ఆడాడో చూసి, తర్వాతి జతలు రాస్తారు. బలమైనవాళ్లకు పొద్దున మొదటి పట్టులోనే వేరే ప్రాంతీయ సంఘం నుంచి అంతే బలమైనవాణ్ణి ఇస్తారు. దేశంలో ప్రాంతీయ సంఘాలు ఐదు: బెర్న్, మధ్య స్విట్జర్లాండ్, ఈశాన్యం, వాయవ్యం, నైరుతి. కాబట్టి ఎవరికి కష్టమైన దారి వచ్చింది, ఎవరికి సులువైంది అన్న వాదన ప్రతి పోటీలోనూ ఉంటుంది. మనుషులు రాసే జతలు కాబట్టి ఆ వాదన పూర్తిగా తప్పని కూడా అనలేం. పోటీని అర్థం చేసుకోవాలంటే మార్కుల పట్టికతోపాటు ఎవరు ఎవరితో ఆడారన్నది కూడా చూడాలి. ఆరు పట్లలో చెరి 57 మార్కులు వచ్చినంత మాత్రాన ఇద్దరూ సమానులు కారు.

ప్రశ్న: బరువు విభాగాలు లేవంటున్నారు. 90 కిలోలవాడు 150 కిలోలవాణ్ణి ఎలా ఎత్తుతాడు? అది అన్యాయం కాదా? (విజయనగరం)

ఎత్తడు. ఎత్తాలని చూస్తే నడుము పోతుంది. బరువును ఎదిరించకుండా దాన్ని కదిలించే పట్లు వాడతాడు.

ఈ ఆటలో పేర్లున్న పట్లు చాలా ఉన్నాయి, పైకి కనిపించేవి కొన్నే. "కుర్జ్" అన్నది ఎక్కువగా వాడేది: రెండు చేతులతో నిక్కరు పట్టి ఎదుటివాణ్ణి తన తుంటికి దగ్గరగా గుంజి, మడమలు నేల విడిచిన ఆ ఒక్క క్షణంలో గిరుక్కున తిరిగి వీపు మీద పడేయడం. ఇందులో తప్పు ఎక్కడ జరుగుతుందంటే, గుంజడం చాలకుండానే తిరిగినప్పుడు. మధ్యలో ఖాళీ ఉంటే ఎదుటివాడు తన బరువంతా ముందుకు వేస్తాడు, తిరిగినవాడే కింద పడతాడు. "హ్యూఫ్టర్" అంటే తుంటి విసురు. ఎదుటివాడి పొట్ట కిందికి తన తుంటిని దూర్చి దాని మీదుగా దొర్లించడం. పొట్టివాడికి ఇది అనుకూలం, అతని తుంటి సహజంగానే కిందుంటుంది. "బ్రీన్జర్" పొడవైనవాళ్ల ఆయుధం: ఎదుటివాడి భుజం మీదుగా చేయి పోనిచ్చి వీపు వైపు పట్టీని అందుకుని తిప్పడం. చేయి పొడుగు లేకపోతే పట్టీ అందదు, అందనివాడు ముందుకు వాలిపోయి తన వీపే ఇచ్చేస్తాడు.

అయినా బరువు లెక్క కాదని చెప్పలేం. పైస్థాయిలో 100 కిలోలకు తక్కువవాళ్లు చాలా తక్కువ. కింద పెనుగులాటలో బరువు ఎప్పుడూ పైవాడి పక్షమే. విక్కీని చూడండి. సుమారు 183 సెంటీమీటర్ల మనిషి, స్టుకీ పక్కన కుర్రాడిలా కనిపిస్తాడు. 2019లో అతను నిమిషంలోపే ఓడాడు. 2022లో ప్రాటెల్న్‌లో మథియాస్ ఎష్‌బాఖర్‌ను చివరి పట్టులో ఓడించి తనే రాజు అయ్యాడు. అన్యాయమా అంటే, అక్కడివాళ్లు ఆ ప్రశ్న వేసుకోరు. బరువు విభాగాలు పెడితే ఒక్క రాజు బదులు ఆరుగురు రాజులవుతారు.

ప్రశ్న: గెలిస్తే డబ్బెంత? ఎద్దు ఇస్తారని విన్నాం. (గుంటూరు)

నగదు బహుమతి లేదు. రాజుకు ఇచ్చేది ఎద్దు కాదు, ఆబోతు. ముక్కుతాడు వేసి, పూలతో అలంకరించి మైదానంలోకి నడిపిస్తారు. దానికి పోటీకి నెలల ముందే పేరు పెడతారు, త్సుగ్‌లో స్టుకీ గెలిచినదాని పేరు కోలిన్. పశువుల కొట్టం లేనివాళ్లు దాని విలువను నగదుగా తీసుకోవచ్చు. మిగతా వస్తాదుల కోసం బహుమతుల మందిరం ఉంటుంది: పెయ్యదూడలు, మెడగంటలు, కలప సామాను, పనిముట్లు. ర్యాంకు వరసలో ఒక్కొక్కరు వెళ్లి తమకు నచ్చింది ఎంచుకుంటారు.

అన్నిటికన్నా విలువైనది వేరే ఉంది: సింధూర (ఓక్) ఆకులతో అల్లిన దండ. పోటీలో పై 15 నుంచి 18 శాతం మందికే అది దక్కుతుంది. సమాఖ్య ఉత్సవంలో ఆ దండ సంపాదించినవాణ్ణి జీవితాంతం "ఐడ్‌గెనోస్" అని గౌరవిస్తారు. రాజు బిరుదు కూడా అంతే. "మాజీ రాజు" అన్న మాట ఈ ఆటలో లేదు. 2001లో నియోన్‌లో రాజు అయిన ఆర్నోల్డ్ ఫోరర్, వృత్తి చీజ్ తయారీ, కెరీర్ మొత్తంలో 151 దండలు గెలిచాడు. అంతకు మించి ఎవరికీ లేవు.

ఆదాయం ప్రకటనల ద్వారా వస్తుంది. కానీ గోదాలో, వస్తాదుల బట్టల మీద ప్రకటనలు నిషిద్ధం. బయట సంపాదించిన ప్రకటన సొమ్ములో పది శాతం జాతీయ కుస్తీ సమాఖ్యకు కట్టాలి, అది పిల్లల శిక్షణకూ సంఘాలకూ వెళ్తుంది. అందుకే చాలామంది రైతులుగా, వడ్రంగులుగా, కసాయిలుగా పని చేసుకుంటూ సాయంత్రం సాధన చేస్తారు. పైవరసవాళ్లు ఇప్పుడు ఉద్యోగాన్ని సగానికి తగ్గించుకుంటున్నారు. ఇది మంచిదేనా అన్న చర్చ అక్కడ గట్టిగానే నడుస్తోంది. మా అభిప్రాయం అడిగితే, గోదాలో ప్రకటనలు రానివ్వకపోవడం ఈ ఆటను కాపాడిన అన్నిటికన్నా మంచి నిర్ణయం.

ప్రశ్న: స్టుకీ గొప్పా, అబ్దర్‌హాల్డెన్ గొప్పా? (హైదరాబాద్)

అబ్దర్‌హాల్డెన్. ఇందులో మాకు సందేహం లేదు.

టొగ్గెన్‌బుర్గ్ లోయలో 1979లో పుట్టాడు. 1998లో బెర్న్‌లో రాజు అయ్యేనాటికి వయసు 19. తర్వాత 2004లో లూసెర్న్‌లో, 2007లో ఆరావులో మళ్లీ గెలిచాడు. మూడేళ్లకొక్కసారి రెండు రోజులు మాత్రమే తెరుచుకునే తలుపును మూడుసార్లు దాటడమంటే తొమ్మిదేళ్లపాటు మోకాళ్లు, భుజాలు, మనసు అన్నీ సరైన వారాంతంలోనే సరిగ్గా ఉండాలి. 2007లో ఆ దేశంలో "ఏటి మేటి స్విస్ పౌరుడు" పురస్కారం కూడా అందుకున్నాడు. అతని ఆటలో వైవిధ్యం ఎక్కువ. స్టుకీ దగ్గర అంత వైవిధ్యం లేదు. అతని దగ్గరున్నది, ఆ బరువుకు నమ్మలేనంత వేగం, ఓడినప్పుడు కూడా చెదరని మంచితనం. జనం ఎవరిని ఎక్కువ ప్రేమించారని అడిగితే మాత్రం స్టుకీ పేరే చెప్పాలి.

ప్రశ్న: ఇంత బరువైనవాళ్లు విసిరేస్తుంటే దెబ్బలు తగలవా? (తిరుపతి)

తగులుతాయి. ఎక్కువగా పోయేది మోకాలు. పొట్టులో పాదం దిగబడి ఉండగా పైశరీరం తిరిగితే మోకాలి లోపలి స్నాయువు సాగడమో తెగడమో జరుగుతుంది. తర్వాత భుజం, పడేటప్పుడు చేయి చాపి ఆనుకున్నందుకు. అందుకే పిల్లలకు మొదటి నెలల్లో విసరడం నేర్పరు, పడడం నేర్పుతారు: గడ్డం గుండెకు ఆనించి, వీపు గుండ్రం చేసి, చేయి చాపకుండా దొర్లడం. నిక్కరు పట్టీలో వేళ్లు ఇరుక్కుని మెలితిరగడం మరో మామూలు గాయం. చాలామంది వేళ్లకు టేపు చుట్టుకుని దిగేది అందుకే.

ప్రశ్న: ఇంటర్లాకెన్ అంటే మన సినిమా పాటల ఊరే కదా? అక్కడి పోటీ గురించి రెండు ముక్కలు. (ఏలూరు)

ఆ ఊరే. ఊరి పక్కనే, ఉన్‌ష్పున్నెన్ కోట శిథిలాల దగ్గర, 1805లో మొదటి పశుపాలకుల ఉత్సవం జరిగింది. కుస్తీతోపాటు అక్కడ 83.5 కిలోల రాయిని పైకి ఎత్తి, పరుగెత్తి విసరడం కూడా పోటీయే. రికార్డు 4.11 మీటర్లు, 2004లో మార్కుస్ మైరే విసిరాడు. జూరా ప్రాంత ప్రత్యేకవాదులు 1984లో ఆ రాయిని ఎత్తుకుపోయారు. 2001లో తిరిగి వచ్చింది, 2005లో మళ్లీ మాయమైంది. ఇప్పుడు విసురుతున్నది దాని నకలు. 2005 వరదల వల్ల పోటీ 2006కు వాయిదా పడింది. ఆ తర్వాత 2011, 2017, 2023 సంవత్సరాల్లో జరిగింది.

ప్రశ్న: ఆడవాళ్లు ఆడతారా? (వరంగల్)

ఆడతారు. 1980లో మొదటి మహిళా పోటీ జరిగినప్పుడు సంప్రదాయవాదులు గట్టిగా వ్యతిరేకించారు. 1992లో ఆడవాళ్లు సొంత సంఘం పెట్టుకున్నారు. పొట్టు, నిక్కరు, పట్లు అన్నీ అవే. ఒక ముఖ్యమైన తేడా ఉంది: రాణి బిరుదును మూడేళ్లకొక్క వారాంతంలో కాకుండా, ప్రతి ఏటా సీజన్ మొత్తం మార్కులు కలిపి నిర్ణయిస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి జ్యూరిక్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే ఏడాది మేం వెళ్తున్నాం. చూడాలంటే ఎలా? (విశాఖపట్నం)

సమాఖ్య ఉత్సవం మీద ఆశ పెట్టుకోకండి. తర్వాతది 2028లో తూన్‌లో ఉంది, టికెట్లలో ఎక్కువ భాగం కుస్తీ క్లబ్బుల సభ్యులకే పోతుంది. మీకు సరిపోయేవి కొండ పండుగలు. వేసవిలో ష్టోస్, రీగీ, వైసెన్‌ష్టైన్, ష్వార్జ్‌జే, బ్ర్యూనిగ్, ష్వేగాల్ప్ అనే ఆరు చోట్ల జరుగుతాయి. బ్ర్యూనిగ్ పోటీ జూలై చివరి ఆదివారం. అది లూసెర్న్-ఇంటర్లాకెన్ రైలు దారిలోనే ఉన్న కనుమ. వీటికీ పెద్ద పేర్లున్న వస్తాదులు వస్తారు, గోదాకు దగ్గరగా కూర్చోవచ్చు.

పోటీ పొద్దున్నే మొదలై సాయంత్రం దాకా సాగుతుంది, కాబట్టి తొలి రైలు పట్టుకోండి. పేరున్న వస్తాదుల మధ్య మొదటి జతలు పొద్దునే పడతాయి, పది గంటలకు చేరితే సగం మంచి పట్లు పోయినట్టే. నీడ ఉండదు. టోపీ, నీళ్లు, వాన కోటు మూడూ ఉండాలి, కొండ మీద ఒకే రోజు మూడూ అవసరపడతాయి. తలుపు దగ్గర వస్తాదుల జాబితా కొనుక్కోండి. పేరు పక్కన ఎన్ని నక్షత్రాలుంటే అంత పెద్ద వస్తాదు అని గుర్తు. ప్రతి రౌండ్ తర్వాత మార్కులు దాని మీదే పెన్సిలుతో రాసుకుంటే, ఐదో పట్టు అయ్యేసరికి చివరి పట్టుకు ఎవరెవరు వస్తారో మీరే చెప్పగలరు. ఎవరినీ ఎగతాళిగా అరవకండి, ఈలలు వేయకండి. అక్కడ అలా చేసేవాళ్లను పక్కవాళ్లే ఆపుతారు. నచ్చిన పట్టుకు చప్పట్లు మాత్రం ఇద్దరికీ కొట్టొచ్చు.